గాలిలో రెండు పల్టీలు

1999లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో ఫ్రీస్టైల్ మోటోక్రాస్‌ను, అంటే ర్యాంపు మీద నుంచి మోటార్‌సైకిల్‌తో గాలిలోకి ఎగిరి చేసే విన్యాసాలను, తొలిసారి ప్రవేశపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆ పోటీలో బంగారు పతకం గెలిచింది పదిహేనేళ్ల కుర్రాడు, మేరీల్యాండ్‌కు చెందిన ట్రావిస్ పాస్ట్రానా. మరుసటి ఏడాదే 125 సీసీ మోటోక్రాస్ రేసుల విభాగంలో అమెరికా జాతీయ చాంపియన్ అయ్యాడు. విన్యాసం, వేగం రెండూ ఒకే మనిషికి ఇంత చిన్న వయసులో పట్టుబడటం అరుదు.

చూసేవారికి ఈ విన్యాసం తెగింపు. చేసేవాడికి లెక్క. ర్యాంపు వంపుకు తగిన వేగం నేల మీదే కుదరాలి. గాలిలో యాక్సిలరేటర్ ఇస్తే బండి ముందుభాగం లేస్తుంది, వెనుక బ్రేకు నొక్కితే దిగుతుంది. దాదాపు వంద కిలోల బండిని ఆ రెండింటితో, ఒంటి బరువుతో అదుపు చేయాలి. అందుకే కొత్త విన్యాసాన్ని ముందు స్పాంజి ముక్కలు నింపిన గోతిలో పడుతూ లేస్తూ నేర్చుకుంటారు.

2006 ఆగస్టు 4న లాస్ ఏంజెలెస్‌లో పాస్ట్రానా పోటీలో తొలిసారిగా డబుల్ బ్యాక్‌ఫ్లిప్ (బండితో సహా వెనక్కి రెండు పల్టీలు) చేసి, రెండు చక్రాల మీద క్షేమంగా దిగాడు. న్యాయనిర్ణేతలు 98.60 మార్కులు ఇచ్చారు. నా లెక్కలో ఆ మార్కుల్లో ఎక్కువ భాగం అతని సాధనకే చెందుతుంది.