పన్నెండు మీద ఒకటి

సవర ఆదివాసీ ఊళ్ల బడులకు కొత్తగా వచ్చిన టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ముందు పుస్తకం తెరవను. చింతపిక్కలు పోసి పదమూడు లెక్కపెట్టమంటాను. అందరూ పదింటిని ఒక కుప్ప చేసి మూడు పక్కన పెడతారు. కానీ సవర లెక్కలో పదమూడంటే పన్నెండు మీద ఒకటి. ఇరవై దగ్గర మళ్లీ ఇంకో కట్ట. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఇంట్లో ఇలాంటి లెక్క విని పెరిగిన పిల్లవాడు బడిలో పదుల దగ్గర తడబడితే, వాడికి లెక్కలు రావనుకుంటాం. ఎంత అన్యాయం!

అందరినీ కలుపుకునే తరగతి అంటే గోడ మీద బొమ్మలు, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి నృత్యం అనుకుంటారు. అవీ ఉండాలి. కానీ పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న తెలివిని టీచరు చదువుగా గుర్తిస్తున్నారా అన్నదే నాకు ముఖ్యం.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టారు. 1938లో ఆయన సవర–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన పటానికి దండ వేస్తాం. ఆ రోజు సవర మాట ఎత్తేవాళ్లు తక్కువ. నాకది బాధ.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి సహా ఎనిమిది భాషల్లో వాచకాలూ వచ్చాయి. కానీ టీచరుకు ఆ భాష రాకపోతే ఆ వాచకం బీరువా దాటదు.

అందుకే టీచర్లకు చెబుతాను: రోజూ పిల్లల దగ్గర నాలుగు మాటలు నేర్చుకోండి. తప్పు పలికితే వాళ్లనే దిద్దనివ్వండి. పంతుల్ని దిద్దిన పిల్లకు బడిలో నోరు విప్పే ధైర్యం వస్తుంది. హాజరు పిలిచేటప్పుడు పేరు ఇంట్లో పలికినట్టే పలకండి. కందికొత్తల పండుగ ఎప్పుడో ఊరి పెద్దల్ని అడిగి, ఆ రోజుల్లో పరీక్ష పెట్టకండి.

ప్రభుత్వానికి ఒక్క మనవి. సవర ఊళ్లలో ఒకటి, రెండు తరగతులకు ఆ భాష వచ్చిన మనిషిని ఇవ్వండి. ఏడాది పొడవునా, సరైన జీతంతో.