రంగు కింది పని

సొట్టపడిన కారు తలుపును పూర్వరూపానికి తేవడం చూడటానికి ఒకే పనిలా ఉన్నా, నిజానికి అది రేకును సరిచేసే టింకరింగ్, ఉపరితలాన్ని సిద్ధం చేసే కింది పూతలు, రంగు కలపడం, గన్నుతో కొట్టడం, బఫింగ్ అనే ఐదు వేర్వేరు పనుల వరుస. వీటిలో యజమాని కంటికి ఆనేవి చివరి పనులు కాగా, ఆ రంగు ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేవి మొదటి రెండూ. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని చిన్న పట్టణాల రోడ్ల పక్కనున్న షెడ్ల వరకు, ఒకరిద్దరు సహాయకులతో నెట్టుకొస్తున్న పెయింటర్ల కష్టానికి మూలం ఇక్కడే ఉంది: కనబడే మెరుపుకు బేరం కుదురుతుంది, కనబడని పనికి ధర పలకదు.

కర్మాగారంలో కారు బాడీకి ముందుగా ఫాస్ఫేట్ పొర, ఆపైన బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో పట్టించే తుప్పు నిరోధక ప్రైమర్, తర్వాత సర్ఫేసర్, రంగునిచ్చే బేస్ కోట్, మెరుపునిచ్చి ఎండనుంచి కాపాడే క్లియర్ కోట్ వరుసగా పడతాయి. ఇన్ని పూతలూ కలిసి సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్ల మందమే, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ. చివరి పూతలను సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వైర్లు, ప్లాస్టిక్, రబ్బరు బిగించి రోడ్డెక్కిన కారును అంత వేడిలో పెట్టడం కుదరదు కనుక, మరమ్మతు పనిలో రంగుకు హార్డ్‌నర్ కలిపి రసాయన చర్యతోనే గట్టిపడేలా చేసే ‘టూ కే’ పద్ధతి వాడతారు. 60 డిగ్రీల వేడినిచ్చే పెయింట్ బూత్‌లో అరగంట, ముప్పావుగంటలో ఆరే ఈ పూతకు, బూత్ లేని షెడ్‌లో కనీసం ఒక రాత్రి పడుతుంది. పూర్తిగా గట్టిపడటానికి మరికొన్ని రోజులు కావాలి.

కింది పనిలో తొలి పరీక్ష పుట్టీ దగ్గర ఎదురవుతుంది. పుట్టీ అంటే పాలియెస్టర్ రెసిన్‌లో టాల్క్ వంటి మెత్తని పొడి కలిపిన ముద్ద. దానికి బరువులో సుమారు 2 శాతం హార్డ్‌నర్ చేరిస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. త్వరగా ముగించాలన్న ఆత్రంలో హార్డ్‌నర్ పాలు పెంచితే, అందులో మిగిలిపోయిన పెరాక్సైడ్ కొన్నాళ్లకు పైకి ఊరి రంగులో మరకగా తేలుతుంది. సొట్టను సుత్తి, డాలీలతో వీలైనంత పైకి తెచ్చాక మిగిలిన స్వల్పమైన హెచ్చుతగ్గులను పూడ్చడానికే పుట్టీ ఉద్దేశించింది కనుక, రెండు మూడు మిల్లీమీటర్లను మించి పట్టించాల్సి వచ్చిందంటే అక్కడ టింకరింగ్ అరకొరగా ఆగిపోయిందనే అర్థం. పుట్టీని 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 180, 320 మీదుగా అంచులు పాత రంగులో కలిసిపోయేవరకు రుద్దుతారు. ఎక్కడ లోతు మిగిలిందో కన్ను పట్టలేదు కాబట్టి, నల్లని పొడిని పలుచగా అద్ది మళ్లీ రుద్దుతారు. మిట్టల మీది నలుపు చెరిగిపోయి, గుంటల్లోది అలాగే నిలిచి, చేయవలసిన పనిని చూపిస్తుంది. పుట్టీకి నీటిని పీల్చే గుణం ఉన్నందున దాన్ని తడిపి రుద్దినప్పుడు, ఆ తడి ఆరకముందే ప్రైమర్ కొడితే, లోపల చిక్కిన చెమ్మ నెలల తర్వాత బుడగలుగా లేస్తుంది. ప్రైమర్ ఆరకముందే రంగు వేసినా అంతే: లోపలి థిన్నర్ మెల్లగా పోతూ పూత కుంచించుకుపోయి, అడుగునున్న ఎమరీ గీతలు క్లియర్ కోట్‌లోంచి కనిపిస్తాయి.

రెండో పరీక్ష వాతావరణానిది. కోస్తా వానాకాలంలో గాలి తేమతో బరువెక్కినప్పుడు, త్వరగా ఆవిరయ్యే థిన్నర్ రేకును చల్లబరచి దాని మీదికి తేమను లాగుతుంది. లక్కర్ రకం పూతల్లో ఇది తెల్లటి మసకగా మిగిలిపోతుంది. ఎండాకాలంలోనేమో రంగు తుంపరలు రేకును చేరేలోగానే సగం ఆరి, ఉపరితలం గరుకుదేరుతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలకపోతే అది గన్నులోంచి బొట్లుగా వస్తుంది. పాలిష్‌లలోని సిలికాన్ జాడ ఏమాత్రం మిగిలినా రంగు అక్కడ పట్టకుండా గుండ్రని చిన్న గుంటలుగా విడిపోతుంది. బూత్ ఉన్న చోట యంత్రం చూసుకునే ఈ విషయాలన్నిటినీ చిన్న షెడ్‌లో మనిషే గమనించి, నేల తడిపి దుమ్మును అణచి, థిన్నర్ మార్చి, పని వేళ మార్చి సర్దుకోవలసి ఉంటుంది.

సిల్వర్ వంటి మెటాలిక్ రంగులు ఈ వృత్తికి పరాకాష్ఠ. బేస్ కోట్‌లోని సన్నని అల్యూమినియం రేకులు పూత తడిగా పడితే ఒక తీరున, పొడిగా పడితే మరో తీరున సర్దుకుంటాయి కాబట్టి, డబ్బా మీది కోడ్ సరిపోయినా, గన్ను దూరం, గాలి ఒత్తిడి, చేతి వేగం మారితే అదే రంగు ఎదురుగా చూసినప్పుడు ముదురుగానో తేలికగానో కనిపిస్తుంది. ఎండకు వెలిసిన పాత తలుపు పక్కన కొత్త ఫెండర్ వేరుగా కనబడకుండా ఉండాలంటే, రంగును పక్క ప్యానెల్ మీదికి క్రమంగా పలుచబరుస్తూ తీసుకుపోయి, క్లియర్‌ను ఆ ప్యానెల్ అంతటా వేయాలి. ఒక్క ఫెండర్‌కే డబ్బిస్తానన్న యజమానికి, తలుపును కూడా ఎందుకు ముట్టుకోవలసి వచ్చిందో వివరించడం కూడా పెయింటర్ పనిలో భాగమైపోయింది.

వీటన్నిటికంటే పెద్ద మూల్యం ఊపిరితిత్తులది. టూ కే హార్డ్‌నర్లలోని ఐసోసయనేట్లు ఆస్తమాను తెచ్చిపెట్టగలవు. ఒకసారి శరీరానికి అవి పడకుండా పోతే, తర్వాత అతి స్వల్ప మోతాదు కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు కనుక ముక్కును నమ్ముకోవడానికి లేదు, మూతికి కట్టిన రుమాలు వాటిని ఏమాత్రం ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలిని అందించే మాస్కు వీటికి సరైన రక్షణ అయినా, ప్యానెల్‌కు ఇంత అని బేరమాడే రేటులో ఆ మాస్కు ఖర్చుకు చోటే దొరకడం లేదు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. పెయింటింగ్ బిల్లు మొత్తంగా ఇచ్చినప్పుడు, మోటారు బీమా టారిఫ్ నిబంధనలు సామగ్రి వాటాను అందులో 25 శాతంగానే ఎంచి, ఆ వాటాకే తరుగుదల లెక్కగడతాయి; అంటే తక్కిన మూడు వంతులూ శ్రమేనని ఆ లెక్క ఒప్పుకుంటున్నట్టే. కానీ షెడ్ ముందు జరిగే బేరంలో ఆ శ్రమకే కోత పడుతోంది: రేపటికే బండి కావాలన్న తొందర ఆరే సమయాన్ని మింగుతుంది, తగ్గించిన రేటు రుద్దే గంటలను మింగుతుంది, ఏడాది తిరిగేసరికి రంగు పొంగితే నింద మాత్రం పెయింటర్ మీద పడుతుంది. ఆ నిందలో యజమానికీ వాటా ఉంది. ఎంత మెరుస్తుందని కాక, పుట్టీ కింద రేకును ఎంతవరకు లేపారు, ప్రైమర్‌ను ఎన్ని గంటలు ఆరనిచ్చారు అని అడిగి, ఆ గంటలకు తగిన కూలి ఇచ్చే యజమాని తన కారునూ, ఆ పనివాడి ఊపిరినీ కలిపి కాపాడినవాడవుతాడు.