మోగే బండ, మోగని బండ

తాండూరు గనుల్లో ఒక బండ మంచిదో కాదో తేల్చడానికి రెండు క్షణాలు చాలు. పనివాడు బండను ఒక అంచున కొద్దిగా లేపి పట్టుకుంటాడు. ఇంకో చేత్తో సుత్తి మొననో, ఉలి వెనక భాగాన్నో తాటిస్తాడు. గణగణమని మోగితే ఒక కుప్పలోకి, ‘టప్’ అని చచ్చుగా పలికితే ఇంకో కుప్పలోకి వెళ్తుంది. పక్కవాడు కారణం అడగడు. మరీ కొత్తవాడైతే అడుగుతాడేమో, అప్పుడు వచ్చే జవాబు ఒక్కటే: “మోగ్తలే”.

ఆ రెండు క్షణాల్లో ఏం జరుగుతోందో నిదానంగా చూస్తే మనిషి మీద గౌరవం పెరుగుతుంది. బండను నేల మీద పరిచి కొడితే, మంచిదైనా మోగదు, నేల ఆ కంపాన్ని మింగేస్తుంది. నడుమ పట్టుకున్నా అంతే, చెయ్యే దాన్ని అణిచేస్తుంది. అందుకే అంచు లేపడం. మందం పెరిగితే శ్రుతి పెరుగుతుంది, కొలత పెరిగితే తగ్గుతుంది. రెండడుగుల బండకూ, అడుగున్నర బండకూ, ముప్పావు అంగుళం దానికీ, అంగుళన్నర దానికీ వేర్వేరు గొంతులు. వాటన్నిటినీ చెవి తనంతట తాను లెక్కలోంచి తీసేయాలి. పనివాడు వింటున్నది శ్రుతిని కాదు, దెబ్బ తర్వాత మోత ఎంతసేపు నిలిచిందన్నది. లోపల నెర్రె ఉంటే దాని రెండు ముఖాలూ ఒరుసుకుని కంపం అక్కడే ఖర్చయిపోతుంది. కంటికి కనపడని ఆ వెంట్రుకవాసి చీలిక, మోత తోకను కత్తిరించేస్తుంది. ఇంజనీర్లు కాంక్రీటును పరీక్షించేటప్పుడు దెబ్బ కొట్టి ప్రతిధ్వనిని యంత్రంతో చదివేదీ ఇంచుమించు ఇలాంటి పద్ధతిలోనే. ఇక్కడ యంత్రం స్థానంలో చెవి ఉంది.

రాయి కథ కొంత చెప్పుకోవాలి. వికారాబాద్ జిల్లాలో, కాగ్నా నది దగ్గర, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు తాండూరు. తెలుగూ, కన్నడమూ, ఉర్దూ ఒకే బజారులో వినపడతాయి. పైన కందికి పేరు మోసిన నల్లరేగడి (తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది), కింద సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని భీమా పరీవాహక శిలల్లో చేరుస్తారు. కోట్ల ఏళ్ల కిందట నిశ్చలమైన సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుంది, నడుమ నడుమ పల్చటి బంకమట్టి పొరలు పడ్డాయి. ఆ బంకమట్టే ఇవాళ మన ఇళ్లలో నేల పరుపులకు కారణం. పొర ఎక్కడ విడిపోవాలో అదే నిర్ణయిస్తుంది. కరన్‌కోట్, ఓగిపూర్, మల్కాపూర్ వైపు వెళ్తే నేల అంతా పుస్తకంలా పేజీలు విప్పుకుని కనిపిస్తుంది. అదే రాయి సిమెంటు ఫ్యాక్టరీలకూ వెళ్తుంది, పలకలుగా చీల్చితే నాపరాయి అవుతుంది. బయటి ఊళ్లలో దీన్ని షాబాద్ బండ అనీ అంటారు. సరిహద్దు అవతలి ఆ ఊరు ముందే పేరు కొట్టేసింది, తాండూరు వాళ్లకు అది కొంచెం గుచ్చుకునే సంగతే.

ఇప్పుడు చాలా గనుల్లో పట్టాల మీద నడిచే కోత యంత్రం గని అడుగున చదరాలు కోసి పెడుతుంది. కానీ అది నిలువునే కోస్తుంది. అడ్డంగా పొరను లేపేది ఇప్పటికీ మనిషీ, గడ్డపారే. నేను ఎక్కువసేపు నిలబడి చూసింది ఈ పనినే. గడ్డపార మొన పొరల సందులో దూరాక, దాని మీద బరువంతా ఒకేసారి వెయ్యరు. కొంచెం వేసి ఆగుతారు. పొర విడిపోవడం మొదలైతే ఒక పొడి చప్పుడు వస్తుంది, ఇనుములోంచి అరచేతికి ఒక సడలింపు తెలుస్తుంది. అప్పుడు పక్కకు జరిగి మళ్లీ కొంచెం. తొందరపడితే పొర మధ్యలో విరుగుతుంది, అది ముక్కల కిందకు పోతుంది. ఎంత బరువు వెయ్యాలన్నది ముందుగా తెలిసిన విషయం కాదు, వేస్తుంటే రాయి చెబుతుంది. మనం చూడటమన్నది ఏదో వచ్చి కళ్ల మీద పడటమని అనుకుంటాం. ఇక్కడ చూడటానికి ముందు ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నను చేత్తో అడగాలి.

ప్రత్యక్షానికీ జ్ఞానానికీ ఉన్న సంబంధం మీద తెలుగు నేలకు పాత లెక్కలున్నాయి. ఏడో శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్, బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుణ్ణి వేంగి దగ్గర్లోని ఒక కొండతో ముడిపెట్టి రాశాడు. దిఙ్నాగుడి పట్టుదల ఏమిటంటే, అసలైన ప్రత్యక్షంలో పేరూ, జాతీ, ఊహా ఏవీ కలవకూడదు. ‘ఇది ఫలానా’ అని అనుకున్న క్షణాన మనం చూడటం దాటి ఊహించడంలోకి వచ్చేశామని ఆయన భావం. న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోలేదు. మొదట పేరు లేని చూపు ఉంటుంది, వెంటనే ‘ఇది ఇలాంటిది’ అనే చూపు వస్తుంది, రెండూ ప్రత్యక్షమే అన్నారు. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ వాదాన్ని పిల్లలకు చెప్పేంత చిన్నగా కుదించాడు. తర్కం నేర్చుకునేవాళ్లు నేటికీ అక్కడే మొదలుపెడతారు.

ఆ చిన్న పుస్తకంలో నాకు ఇష్టమైన చోటు, ఇంద్రియం వస్తువును తాకే ఆరు రకాల గురించి చెప్పేది. ఆరోది లేనిదాన్ని చూడటానికి. నేల మీద కుండ లేదన్న సంగతిని కన్నే పట్టుకుంటుందని నైయాయికుల మాట. కుమారిలభట్టు వర్గపు మీమాంసకులు అలా కుదరదన్నారు, లేమిని తెలుసుకోవడానికి వేరే ప్రమాణమే కావాలన్నారు. గదిలో కూర్చుని వాదించుకుంటే ఇది ఎటూ తెగదు. బండల కుప్ప దగ్గర మాత్రం నేను నైయాయికుల పక్షమే. పనివాడు వినేది లేమినే. మోత తోక లేదన్న విషయం చెవికి నేరుగా తగులుతుంది, ఆలోచించి తెలుసుకునేంత వ్యవధి అక్కడ లేదు.

ఒక అభ్యంతరం మిగులుతుంది, అది న్యాయమైనదే. చెవికి అందింది చచ్చు చప్పుడు; లోపల నెర్రె ఉందన్నది పొగను చూసి నిప్పును ఊహించి తెలుసుకున్నట్టు, తర్కంలో చెప్పే అనుమానం కాదా? కొత్తగా పనిలో చేరిన కుర్రాణ్ణి చూస్తే అవుననే అనాలి. వాడు కొడతాడు, వింటాడు, ఇంకోసారి కొడతాడు, పెద్దవాళ్ల ముఖం వైపు చూస్తాడు. ఎక్కడెక్కడ చచ్చు చప్పుడుందో అక్కడక్కడ నెర్రె ఉంటుందన్న వ్యాప్తిని వాడు ఇంకా కూడబెట్టుకుంటున్నాడు. పాతికేళ్లుగా అదే పనిలో ఉన్నవాడికి అడుగులన్నీ కలిసిపోయాయి, వాడికి నెర్రే వినపడుతుంది. నవ్యనైయాయికులు దీనికి చందనపు చెక్కను ఉదాహరణగా తెచ్చారు. దూరం నుంచి చందనాన్ని చూసి ‘సువాసనగల చందనం’ అని కంటితోనే తెలుసుకోవడం వాళ్ల దృష్టిలో ఒక అసాధారణ ప్రత్యక్షం, పాత జ్ఞానమే కంటికీ వాసనకూ మధ్య వంతెన అవుతుంది. చెక్క మాత్రమే ప్రత్యక్షం, వాసన పరోక్షమని అద్వైతులు అడ్డుపడ్డారు. నా మటుకు ఇద్దరూ నిజమే చెప్పారు, ఒకరు కుర్రవాడి గురించి, ఇంకొకరు మేస్త్రీ గురించి. ఒకే సంగతి మొదటివాడికి అనుమానం, రెండోవాడికి ప్రత్యక్షం. పని నేర్చుకోవడమంటే ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు రావడమే. ఆ దాటిన దూరాన్ని మేస్త్రీ మాటల్లో పెట్టలేడు, అందుకే ఆయన జవాబు అంత పొట్టిగా ఉంటుంది.

చెవి తర్వాత కన్ను. బండ చదునుగా ఉందో లేదో నడినెత్తి ఎండలో చూస్తే తెలియదు, అన్నీ చదునుగానే కనిపిస్తాయి. పొద్దుటి ఏటవాలు వెలుగుకు అంచు వైపు నుంచి వంగి చూస్తే ప్రతి గుంతా నీడ వేస్తుంది. ఆ తర్వాత వేలికొన. 2013లో స్వీడన్ పరిశోధకులు అలల్లాంటి ముడతలున్న ఉపరితలాలను తయారుచేసి జనం చేత తడిమించారు. సుమారు 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలకూ, నున్నని తలానికీ తేడాను వేలు గుర్తుపట్టింది. ఒక షరతు ఉంది, వేలు కదలాలి. ఊరికే ఆనించి ఉంచితే అంత సన్నటి తేడా అందదు. పాలిషింగ్ షెడ్డులో బండ మీద అరచెయ్యి ఊరికే పోనిచ్చినట్టు కనిపించే ఆ కదలిక అలవాటు కాదు, కొలత.

నీళ్ల దగ్గరికి వస్తే వ్యవహారం చిక్కుపడుతుంది, అక్కడే ఈ పనితనం నాకు అన్నిటికన్నా అందంగా తోస్తుంది. అనుమానమున్న బండ మీద నీళ్లు చల్లి గుడ్డతో తుడుస్తారు. పైతలం త్వరగా ఆరుతుంది, నెర్రె పీల్చుకున్న నీరు మాత్రం ఆరదు. సన్నటి నల్లగీత తేలుతుంది. ఇక్కడ నీరు నిజం చెప్పింది. అదే బండ పాలిష్ యంత్రం కిందికి వెళ్తుంది. గరుకురాయి తర్వాత సన్నరాయి, ఆ తర్వాత ఇంకా సన్నది, ఆసాంతం నీళ్లు పారుతూనే ఉంటాయి. తడి మీద చూస్తే బండ అద్దంలా మెరుస్తుంది, నీలం ముదురుతుంది, పసుపు వెచ్చబడుతుంది. ఆ మెరుపు రాతిది కాదు. గీతల్లో నీరు నిండి తలాన్ని సాపు చేసింది, అంతే. ఆరాక చూస్తే గీతలన్నీ పైకి తేలతాయి. ఇక్కడ అదే నీరు అబద్ధం చెప్పింది. ముత్యపుచిప్పను వెండి అనుకోవడం మన శాస్త్రాల్లో భ్రమకు పాత ఉదాహరణ. తాండూరుకు తన సొంత ఉదాహరణ ఉంది. ఎప్పుడు తడిపి చూడాలో, ఎప్పుడు ఆరబెట్టి చూడాలో తెలిసినవాడికి భ్రమ ఉండదని కాదు. దాన్ని ఎక్కడ పక్కకు తప్పించాలో అతనికి తెలుసు.

ఈ జ్ఞానానికి ఊరుంది. ఇదే మనిషిని హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు దగ్గరికి తీసుకెళ్తే చెయ్యి తడబడుతుంది. అక్కడ ఇలాంటి పొరలు లేవు, వరుసగా రంధ్రాలు వేసి చీలలు దిగ్గొట్టాలి, రాయి వేరేగా మాట్లాడుతుంది. అక్కడి మేస్త్రీ ఇక్కడికొస్తే ఆయనకూ అంతే. రాళ్లన్నిటికీ పనికొచ్చే చెవి ఎవరికీ లేదు.

చెవి గురించే ఒక మాట చెప్పక తప్పదు. కోత యంత్రం మోత దగ్గర రోజంతా నిలబడితే వినికిడి తగ్గుతుంది. 85 డెసిబెళ్ల పైన రోజుకు ఎనిమిది గంటలు ప్రమాదమని వైద్యులు చెప్పే హద్దును రాయి కోసే రంపం సులువుగా దాటేస్తుంది. మొదట పోయేది సన్నని శబ్దాలు, అంటే మోతకు గణగణ ఇచ్చే పైస్వరాలు. చెవుల్లో బిరడాలు పెట్టుకొమ్మనడం సరైన సలహానే, కానీ బిరడాలతో బండ మోగిందో లేదో తేల్చడం కష్టం. యంత్రం కోసేచోటు ఒకటి, తట్టి చూసేచోటు ఇంకొకటిగా విడదీస్తే చాలావరకు తీరిపోయే చిక్కు ఇది. పెద్ద ఖర్చు కూడా కాదు.

బండ ధర మాత్రం చదరపు అడుగు లెక్కనే కడతారు. కొలత, మందం, రంగు, పాలిష్ ఒక వైపా రెండు వైపులా అన్నవి చూస్తారు. మోగిందా అన్న దానికి బిల్లులో గడి లేదు.