తీర్పు చెప్పని పంచాయితీ

పక్కింటివాళ్లతో తగవొచ్చి పోలీసు స్టేషన్‌కు పోయినా, కోర్టు మెట్లెక్కినా ఒక చిక్కు మాత్రం తీరదు. కేసు ఎవరు గెలిచినా మర్నాడు పొద్దున ఇద్దరూ అవే మెట్లు దిగాలి, అదే సందులోంచి బండి తీసుకెళ్లాలి. పై వాటాలో అర్ధరాత్రి కుర్చీలు జరిపే చప్పుడు, ప్రహరీ మీదుగా ఇటు వాలిన కొమ్మ, గేటుకు అడ్డంగా నిలిపిన కారు, తెల్లవార్లూ మొరిగే కుక్క... చట్టం కంటికి ఇవన్నీ చిల్లర తగవులే. ఆ ఇళ్లలో బతికేవాళ్లకు మాత్రం కంటి మీద కునుకు లేకుండా చేసే తగవులు.

ఇలాంటి వాటి కోసమే 1976లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో రేమండ్ షాన్‌హోల్ట్జ్ అనే న్యాయవాది ‘కమ్యూనిటీ బోర్డ్స్’ అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టారు. విజిటేషన్ వ్యాలీ, బెర్నల్ హైట్స్ వంటి పేటల్లో తొలి అడుగులు పడ్డాయి. అప్పటికే అమెరికా కోర్టులు కేసుల బరువుతో కుంగిపోతున్నాయి. ఆ భారం తగ్గించడానికి అక్కడి న్యాయశాఖ కూడా అట్లాంటా, కాన్సస్ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లో ప్రయోగాత్మకంగా రాజీ కేంద్రాలు పెట్టించింది. షాన్‌హోల్ట్జ్ ఆలోచన వేరు. కోర్టుకు పని తగ్గించడం ఆయన లక్ష్యం కాదు. పేటలో పుట్టిన తగవును పేటవాళ్లే, అది ముదిరి పోలీసుల దాకా పోకముందే, కూర్చుని తీర్చుకోగలగాలన్నది ఆయన పట్టుదల. కమ్యూనిటీ బోర్డ్స్ ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని చూసి పుట్టినవీ, విడిగా పుట్టినవీ కలిపి అలాంటి కేంద్రాలు ఇవాళ అమెరికాలో వందల్లో ఉన్నాయి.

మనకు రచ్చబండ తెలుసు, పెద్దమనుషుల పంచాయితీ తెలుసు. కాబట్టి ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. తేడా చాలా ఉంది. మన పంచాయితీలో పెద్దమనిషి ఇరుపక్షాల మాటా విని తప్పెవరిదో తేలుస్తాడు, తప్పు కట్టమంటాడు. ఆయన మాటకు బలం ఆయన కులం నుంచో, భూమి నుంచో, ఊళ్లో పలుకుబడి నుంచో వస్తుంది. అందుకే ఆడవాళ్లకు, దళితులకు, చిన్న రైతుకు అక్కడ న్యాయం దొరకడం చాలాసార్లు కల్ల అయింది. కమ్యూనిటీ బోర్డ్స్‌లో కూర్చునే మధ్యవర్తులు తీర్పు చెప్పరు. తప్పెవరిదో తేల్చరు. ‘నేనైతే ఇలా చేస్తాను’ అని సలహా కూడా ఇవ్వరు. తగవు పడ్డ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయడమే వాళ్ల పని.

వినడానికి సులువుగా ఉంటుంది, చేయడం కష్టం. నా దృష్టిలో ఇందులో అతి కష్టమైన ఘట్టం అందరూ కలిసి కూర్చునే రోజు కాదు, దానికి ముందు జరిగేది. ఎవరో ఫోన్ చేసి, ‘పైవాళ్లతో వేగలేకపోతున్నాను’ అంటారు. కేంద్రం నుంచి ఒక కార్యకర్త వాళ్లను కలిసి మొత్తం వింటారు. ఏం జరిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా మాట్లాడారా, ఏమైతే బాగుంటుందనుకుంటున్నారు? మధ్యలో అడ్డు తగలకుండా వింటారు. తర్వాత రెండో ఇంటికి కబురు పెట్టాలి. అక్కడే చాలా కేసులు ఆగిపోతాయి. ‘నా మీద ఫిర్యాదా? నేనెందుకు రావాలి?’ అన్నదే మొదటి మాట అవుతుంది. రమ్మని బలవంతం చేసే అధికారం ఈ సంస్థకు లేదు, ఉండకూడదు కూడా. అందుకే అవతలివాళ్ల ఆరోపణలను మోసుకుపోకుండా, ‘మీ వైపు నుంచి ఎలా ఉందో తెలుసుకుందామని వచ్చాం’ అంటూ తలుపు తట్టాలి. వచ్చిన కార్యకర్త ఎవరి పక్షానా లేరని ఆ ఇంటివాళ్లకు నమ్మకం కుదరాలి. ఈ ఒక్క పనికే రోజులు పడతాయి. కేంద్రం సత్తా నిజంగా తెలిసేది ఇక్కడే.

ఇద్దరూ ఒప్పుకున్నాక సమావేశం పెడతారు. కోర్టు హాలులో కాదు. పేటలోని బడిలోనో, చర్చి గదిలోనో, కమ్యూనిటీ హాలులోనో. షాన్‌హోల్ట్జ్ రోజుల్లో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా మధ్యవర్తులు కూర్చునేవారు. వాళ్లను ఎంచడంలో ఎంతో శ్రద్ధ ఉండేది. తగవు పడ్డది ఒక ముసలావిడా, ఒక కుర్రాడూ అయితే ఎదుట కూర్చున్నవాళ్లలోనూ ఆ వయసుల వాళ్లుండేవారు. ఇద్దరిలో ఒకరు నల్లజాతివారైతే బల్లకు ఇటువైపునా నల్లజాతివారుండేవారు. ‘ఇక్కడ నన్ను అర్థం చేసుకునేవాళ్లున్నారు’ అన్న ధైర్యం గదిలోకి అడుగుపెట్టగానే రావాలన్నది ఉద్దేశం.

మొదట ఒక్కొక్కరూ తమ కథను మధ్యవర్తులకు చెబుతారు. ఎదుటివాళ్లు అడ్డురాకూడదు. ఈ దశలో ఇద్దరి కళ్లూ మధ్యవర్తుల మీదే ఉంటాయి, కోర్టులో జడ్జికి చెప్పుకున్నట్టు. రెండో దశలో దాన్ని తిప్పేస్తారు. ‘ఇప్పుడు మీరు నాతో చెప్పింది ఆయనకు చెప్పండి’ అంటారు. కుర్చీలు కూడా ఎదురెదురుగా వేస్తారు. అక్కడి నుంచి మధ్యవర్తి మాట తగ్గుతూ, ఆ ఇద్దరి మాట పెరుగుతూ పోవాలి.

మొదట చెప్పిన కుర్చీల చప్పుడు తగవునే తీసుకుందాం. ‘వాళ్లను ఖాళీ చేయించాలి’ అంటుంది కింద ఇంటావిడ. అది ఆమె పట్టు. ఎందుకని అడిగితే తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీకి వెళ్లాలని, నిద్ర లేక డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్నాయని బయటపడుతుంది. అది ఆమె అవసరం. పైనున్నాయన రాత్రి పదకొండుకు పని నుంచి వస్తాడు. అన్నం తినాలి, పిల్లలతో కాసేపు గడపాలి. అదీ అవసరమే. ఆమె పట్టు నెగ్గితే ఈయన ఇల్లు పోతుంది, ఈయన మొండికేస్తే ఆమెకు నిద్ర ఉండదు. అవసరాల దగ్గరికొస్తే మాత్రం దారి కనిపిస్తుంది. చేయి తిరిగిన మధ్యవర్తి ‘ఎందుకు’ అన్న ప్రశ్నను నిలదీసినట్టు కాకుండా, తెలుసుకోవాలన్న ఆసక్తితో వేస్తాడు. వాళ్లన్న కటువైన మాటను కటుత్వం తీసి తిరిగి చెబుతాడు. ‘మర్యాద లేని మనుషులు’ అన్నది ‘మీకు విలువ ఇవ్వడం లేదనిపించింది’ అవుతుంది. మౌనం వస్తే దాన్ని పూడ్చడానికి తొందరపడడు. చాలాసార్లు ఆ మౌనం తర్వాతే అసలు మాట వస్తుంది.

మూడో దశను చాలామంది గుర్తించరు. ఒప్పందానికి ముందు, ఒకరి గురించి ఒకరికి కొత్తగా ఏం తెలిసిందో ఇద్దరి నోటా పలికిస్తారు. ‘మీరు నాలుగింటికి లేస్తారని నాకు తెలియదు’ అన్న ఒక్క మాటతో సగం తగవు దిగిపోతుంది. ఆ తర్వాత రాతపని. ‘ఇకపై మంచిగా ఉంటాం’ అని రాస్తే అది ఒప్పందం కాదు. కుర్చీల కాళ్లకు ఫెల్ట్ ముక్కలు ఏ తేదీలోగా అంటిస్తారు, చప్పుడైతే చీపురు కర్రతో సీలింగ్ కొట్టకుండా ఏ నంబరుకు మెసేజ్ పెడతారు, నెల తర్వాత ఎప్పుడు మళ్లీ మాట్లాడుకుంటారు... ఇంత వివరంగా, వాళ్ల సొంత మాటల్లో రాస్తారు. ఇద్దరి చేతిలోనూ ఏదో ఒక పని పెడతారు. భారం ఒక్కరి మీదే పడ్డ రాజీ నిలవదు.

దీని హద్దులనూ గట్టిగా చెప్పాలి. ఒకరి చేతిలో దెబ్బలు తింటున్న మనిషిని ఆ కొట్టేవాడి ఎదుట కూర్చోబెట్టి ‘మాట్లాడుకోండి’ అనడం అన్యాయం. మంచి కేంద్రాలు మొదటి సంభాషణలోనే ఆ సంగతి పసిగట్టి, అలాంటి కేసును రక్షణ ఇచ్చే చోటికి పంపుతాయి. లారా నాడర్ వంటి మానవశాస్త్రవేత్తలు ఇంకో ప్రశ్న వేశారు. హక్కు కోసం పోరాడాల్సినవాళ్లను సామరస్యం పేరుతో చల్లార్చడం లేదా? ఆ హెచ్చరికను మధ్యవర్తులు ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. పలుకుబడి ఉన్న ఇంటి యజమానికీ పేద అద్దెదారుకూ మధ్య రాజీ కుదిరిందంటే, ఆ అద్దెదారు తన చట్టహక్కులు తెలిసే సంతకం చేశాడా అని అడిగి తీరాలి.

ఇక డబ్బు సంగతి. మధ్యవర్తులు జీతం తీసుకోని మామూలు జనం. టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్లు, విద్యార్థులు. కానీ ఉచితంగా పని చేసేవాళ్లున్నంత మాత్రాన సంస్థ ఉచితంగా నడవదు. ఫోన్ ఎత్తడానికి, ఇళ్లకు తిరగడానికి, శిక్షణ ఇవ్వడానికి జీతం మీద పనిచేసే కొద్దిమంది కావాలి. పేరు రాని ఈ ఖర్చులకు దాతలు ముందుకు రారు. 1984 నుంచి 20 ఏళ్ల పాటు హ్యూలెట్ ఫౌండేషన్ అమెరికాలో ఈ రంగానికి 16 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చింది. 2004లో అది తప్పుకోగానే చాలా సంస్థలకు కాళ్ల కింద నేల కదిలింది. బ్రిటన్‌లో ఇలాంటి సంస్థలన్నిటికీ గొడుగుగా ఉన్న మీడియేషన్ యూకే 2006లో మూతపడింది. ఒకే చేతి మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి హ్యూలెట్ ఉదంతం చాలు.

నిలదొక్కుకున్నవి పలు దారుల్లో సంపాదించుకున్నాయి. కాలిఫోర్నియా 1986లో చేసిన చట్టం ప్రకారం సివిల్ దావా వేసేటప్పుడు కట్టే ఫీజులోంచి కొద్ది డాలర్లను కౌంటీలు (అక్కడి జిల్లాలు) రాజీ కేంద్రాలకు ఇవ్వవచ్చు. కోర్టుకు వెళ్లేవాళ్ల రుసుములోంచే కోర్టుకు వెళ్లనక్కర్లేని దారికి డబ్బు పుట్టించారన్నమాట. చాలా తెలివైన ఏర్పాటు ఇది. న్యూయార్క్ 1981లోనే చట్టం చేసి రాష్ట్రంలోని 62 కౌంటీల్లోనూ ఈ సేవ అందేలా చూసింది. వీటికి తోడు మధ్యవర్తిత్వ శిక్షణ తరగతులకు ఫీజు తీసుకుంటారు, ఆఫీసులకూ హౌసింగ్ సంస్థలకూ రుసుము మీద పనిచేసి పెడతారు, తగవుతో వచ్చినవాళ్ల దగ్గర తాహతును బట్టి కొంత తీసుకుంటారు. ఇవ్వలేనివాళ్లను వెనక్కి పంపరు. వీటిలో శిక్షణే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. అది డబ్బూ తెస్తుంది, కొత్త మధ్యవర్తుల్నీ తెస్తుంది. నేర్చుకున్నవాళ్లు కేంద్రానికి తిరిగి రాకపోయినా ఇంట్లో, ఆఫీసులో ఆ నేర్పు వాడుకుంటారు. కమ్యూనిటీ బోర్డ్స్ దీన్ని బడి పిల్లల దాకా తీసుకెళ్లింది. ఆటస్థలంలో కొట్లాటల్ని తోటి పిల్లలే తీర్చేలా తయారుచేసింది.

కోర్టు డబ్బుతో ఒక ప్రమాదమూ లేకపోలేదు. డబ్బిచ్చేవాళ్లు లెక్క అడుగుతారు. ఎన్ని కేసులు ముగించారన్నదే లెక్క అయితే, రెండో ఇంటి తలుపు ఓపికగా తట్టే పని మూలన పడుతుంది. షాన్‌హోల్ట్జ్ తొలినాళ్లలో కోర్టులకు దూరంగా ఉండి ఫౌండేషన్ల విరాళాల మీద నడపడానికి కారణం ఇలాంటి భయమే. ఆయన భయం నిజమైనదే, కానీ దూరంగా ఉండడమొక్కటే దానికి మందు కాదు. డబ్బు ఎవరిచ్చినా మధ్యవర్తి గదిలో విన్న మాట బయటికి పోకూడదని, పద్ధతి సంస్థ చేతిలోనే ఉండాలని ముందే రాయించుకోవడం మేలైన దారి.

మన దేశంలో 2023 మధ్యవర్తిత్వ చట్టం తొలిసారిగా సామాజిక మధ్యవర్తిత్వానికి చట్టంలో చోటిచ్చింది. ఒక ప్రాంతంలోని నివాసుల మధ్య, కుటుంబాల మధ్య శాంతి చెడే తగవులను, ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తుల ముందు పెట్టవచ్చని ఆ చట్టం అంటోంది. దరఖాస్తు న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి. మధ్యవర్తుల జాబితాలో స్థానికంగా మంచి పేరున్నవాళ్లు, కాలనీ సంఘాల ప్రతినిధులు ఉండవచ్చు. మహిళలకు ప్రాతినిధ్యం ఉండేలా చూడాలనీ చట్టం చెబుతోంది. కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదు. మాట మీద నిలబడాల్సిందే. మాట నిలవాలంటే ఆ మాట వాళ్లదే అయి ఉండాలి కాబట్టి పైన చెప్పిన పద్ధతులన్నీ ఇక్కడా అక్కరకొస్తాయి. లేకపోతే పాత పెద్దమనుషులే కొత్త కుర్చీల్లో కూర్చుంటారు.

కాబట్టి ఈ వ్యాసం చదువుతున్న రిటైరైన ఉపాధ్యాయులకు, బ్యాంకు ఉద్యోగులకు, నర్సులకు, కాలనీ సంఘాల్లో తిరిగే గృహిణులకు ఒక విన్నపం. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి సామాజిక మధ్యవర్తుల శిక్షణ ఎప్పుడు పెడుతున్నారని అడగండి. మీ అపార్ట్‌మెంట్ సంఘం బడ్జెట్‌లో ఆ శిక్షణకు కొంత పక్కన పెట్టించండి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనో, న్యూయార్క్‌లోనో ఉన్న తెలుగువారు తమ ఊళ్లోని కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి. తెలుగు మాట్లాడే మధ్యవర్తి ఒక్కరున్నా, ఇంగ్లీషులో తమ బాధ చెప్పుకోలేని మన తల్లిదండ్రులకు అక్కడ కూర్చునే ధైర్యం వస్తుంది.