మూడో వంతు చీకటి

చందమామా, నీ చెక్కిలి మీద ఆ మసి ఎక్కడిది? ఆ రాత్రి యూదయ మీదుగా వచ్చావా? కాలిన కుర్రాళ్ల పొగ మేఘాలు దాటి, చుక్కలు దాటి, నీ ముఖం దాకా పాకిందా?

క్రీ.పూ. 4, మార్చి 13. అర్ధరాత్రి దాటాక పట్టు మొదలైంది. సంపూర్ణ గ్రహణమైతే రాగి పళ్లెంలా ఎర్రబడి, కనీసం కోపమొచ్చినట్టు కనిపించేవాడివి. నీకు ఆ ఎరుపూ దక్కలేదు. మిగిలిన వెలుగు ధాటికి నీడ పడ్డ చోటు ఉత్త నలుపై తేలింది. మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే మాసి, విడుపు కాగానే మళ్లీ మామూలుగా నవ్వావు.

యెరూషలేము దేవాలయ ద్వారం మీద హేరోదు రాజు బంగారు గద్దను నిలిపాడు. ప్రతిమలు కూడదన్న ధర్మానికి అది గుండెల మీద కుంపటి. రాజు అవసాన దశలో ఉన్నాడన్న వదంతి వినగానే మత్తియ, యూదా అనే ఇద్దరు బోధకుల శిష్యులు పట్టపగలే పైకెక్కి, తాళ్లతో దిగి, గొడ్డళ్లతో దాన్ని నరికేశారు. నలభై మంది దొరికిపోయారు. లేచి నిలబడే సత్తువ లేని రాజు యెరికోలో పడక మీంచే కొలువు తీర్చాడు. గురువులిద్దరినీ, గద్దను దించినవాళ్లనూ సజీవంగా తగలబెట్టించాడు. మిగతావాళ్లను తలారులకు అప్పగించాడు.

అయ్యో, మీసాలైనా సరిగా రాని వయసులు! ధర్మం వల్లె వేసిన ఆ లేత గొంతులు! ఏ తల్లి ఏ బూడిదలో కొడుకును వెతుక్కుందో ఎవరూ రాయలేదు. తొంభై ఏళ్లు దాటాక చరిత్రకారుడు జోసెఫస్ మాత్రం, అదే రాత్రి చంద్రగ్రహణం పట్టిందని ఒక్క ముక్క రాసి ముందుకు సాగిపోయాడు. ఆయన గ్రంథాలన్నిటిలో కనిపించే చంద్రగ్రహణం అదొక్కటే.

ఆ ఒక్క ముక్క దగ్గరికి పండితులు వస్తూనే ఉన్నారు, ఏడవడానికి కాదు, లెక్క కట్టడానికి. హేరోదు చావు తేలితే యేసు పుట్టుక తేలుతుందని వాళ్ల ఆశ. ఎక్కువమంది ఈ మార్చి గ్రహణానికే మొగ్గుతారు. కొందరు మాత్రం ఇది మరీ చిన్నదని, క్రీ.పూ. 1 జనవరి నాటి సంపూర్ణ గ్రహణాన్ని ముందుకు తెస్తారు. చిన్నదట! ఎంత మసకబారితే సరిపోయేదో ఆ నలభై మందికి!

రాజుకు మృత సముద్ర తీరాన కల్లిర్రోయె వేడినీటి ఊటలూ పనిచేయలేదు. తన కోసం ఒక్క కన్నూ తడవదని తెలిసినవాడు కదా! దేశంలోని పెద్దలను యెరికో పందేల మైదానంలో నిర్బంధించి, తన ప్రాణం పోగానే చంపమన్నాడు. అలాగైనా ఇంటింటా ఏడుపు వినిపిస్తుందని! అతను పోయాక చెల్లెలు సలోమి వాళ్లను విడిచిపెట్టింది. చచ్చీ సాధించలేకపోయాడు.

కన్నీళ్లు ఆగాయా మరి? పొంగాయి, అయితే కాలిపోయినవాళ్ల కోసం. పస్కా పండుగకు చేరిన జనం దేవాలయంలో గుండెలు బాదుకుని, ఆ కుర్రాళ్లకు న్యాయం చేయమన్నారు. కొత్తగా గద్దెనెక్కిన కొడుకు అర్కెలాయు గుర్రపు దళాన్ని పంపాడు. బలులు అర్పిస్తున్న చోటే 3,000 మంది తెగిపడ్డారని జోసెఫస్ లెక్క.

పస్కా వచ్చేది పున్నమికే. పండితుల మార్చి లెక్క నిజమైతే, అది నీ గ్రహణం తరువాతి పున్నమి. నలభై మందికి మూడో వంతైనా మాసినవాడివి, మూడు వేల మంది మీద మచ్చయినా లేకుండా అంత వెన్నెల కురవడానికి నీకు మనసెలా ఒప్పిందయ్యా?