కాయ చెప్పే చుట్టరికం

ఎడారి గులాబికి కొమ్ముల్లాంటి జంట కాయలు వస్తే అదేదో తెగులు, కత్తిరించి పారేయండి అనే సలహా ఈ వారం మళ్లీ కంటపడింది. చిరాకు పడక ఏం చేస్తాం? ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గొడవ తెలిసిందే: మొక్కను పువ్వు చూసి కొనుక్కోండి గానీ, కాయ చూడందే అది మీకు తెలుసనుకోకండి. నీళ్లు దాచుకునే మొక్కల దగ్గర ఇది మరీ నిజం. ఎండకు తట్టుకోవాల్సి వస్తే ఏ వంశానిదైనా ఆకులు తగ్గించుకుని, కాండం లావు చేసుకుని, అదే వేషం వేస్తుంది. నాగజెముడు, బొంతజెముడు మన ఊళ్లలో రెండూ జెముళ్లే, నర్సరీలో రెండూ కాక్టస్‌లే. కానీ నాగజెముడుకు కాసేది గుజ్జు నిండిన పండు, లోపల బోలెడు గింజలు. బొంతజెముడుది మూడు గదుల చిన్న కాయ. ఎండి పగిలి గదికొక గింజ రాలుస్తుంది. ఆముదం కాయ ఎరిగినవాళ్లకు అది ఎవరి చుట్టమో వేరే చెప్పక్కర్లేదు.

పువ్వైతే ఇంకా మాయ చేస్తుంది. ఎడారి గులాబిది పెద్ద గులాబీరంగు పువ్వు. మన బీళ్లలో, రాళ్ల సందుల్లో పెరిగే కుందేటి కొమ్ములది చిన్న ముదురు రంగు పువ్వు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో స్టపీలియా అని పేరుపెట్టి వర్ణించింది ఈ మొక్కనే. ఈ రెండు పువ్వులూ పక్కపక్కన పెడితే ఒకే ఇంటివని ఎవరూ అనరు. కాయలు అంటాయి. రెండూ సన్నగా సాగి, ఒక్క అంచు వెంబడే విచ్చుకుని, దూది తగిలించుకున్న గింజల్ని గాలికి వదులుతాయి. జిల్లేడూ, గన్నేరూ చేసేది అదే. కుందేటి కొమ్ముల గింజకు జిల్లేడు గింజలాగే ఒక కొసనే దూది, ఎడారి గులాబి గింజకు రెండు కొసలా దూది. తేడా అంతే. ఇక కాయలు జంటగా రావడానికి కారణం తెగులు కాదు, పువ్వు అడుగున అండాశయం రెండు భాగాలుగా ఉండటం.

ఇదంతా వృక్షశాస్త్రం చదివినవాళ్ల పని, కుండీలో పెంచుకునేవాళ్లకెందుకు అనొచ్చు. గింజ చేతికి రావాలంటే కాయ ఎలా తెరుచుకుంటుందో తెలియాలి, అందుకు. ఎడారి గులాబి కాయ ముదిరి రంగు మారేసరికి దారం చుట్టాలి, లేదా పల్చటి గుడ్డ కట్టాలి. విచ్చుకున్నాక చూస్తే మిగిలేది తొక్కే. నాచుపువ్వు కాయకు మూతే ఊడిపోతుంది, సన్నటి గింజలు రాలిపోతాయి. దక్షిణాఫ్రికా లిథాప్స్‌ది పూర్తిగా తిరకాసు: తడిస్తేనే కాయ తెరుచుకుంటుంది. వాన పడినప్పుడే మొలకకు బతుకు మరి. ఎండి పగులుతుందని కూర్చున్నవాళ్లకు ఒక్క గింజా రాలదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఎడారి గులాబి గింజ వేస్తే తల్లి రంగే వస్తుందన్న పూచీ లేదు. ముద్దపూల రకం అలాగే కావాలంటే అంటు కట్టాల్సిందే. పైగా నెలల తరబడి కాయను మోసే మొక్క ఆ బలం పూలకు పెట్టలేదు. దీన్ని కొట్టిపారేయలేను. అంటుకు అడుగున ఉండే బొద్దు మొదలు మామూలుగా గింజ నుంచి వచ్చిందే, కొమ్మ నాటితే అంత చక్కగా ఊరదు, కాబట్టి ఎవరో ఒకరు ఎక్కడో కాయల్ని పండనివ్వాలి అని వాదించొచ్చు. వాదన సరైనదే గానీ, ఆ ఎవరో ఒకరు బాల్కనీలో ఒక్క కుండీ పెట్టుకున్నవాళ్లే కానక్కర్లేదు. కొత్తగా కుండీ మార్చిన మొక్కకీ, నీరసించిన మొక్కకీ, పూల కోసమే తెచ్చుకున్న అంటు మొక్కకీ కాయ తీసేయడమే మేలు. అంటే ఇంత చిరాకు పడిన సలహా దగ్గరికే నేనూ వచ్చాను, తెగులన్న మాట ఒక్కటి వదిలేసి. కత్తిరించినచోట కారే రసం మాత్రం చేతికి, కంటికి తగలనివ్వకండి. ఆఫ్రికాలో కొన్నిచోట్ల వేటగాళ్లు బాణాల మొనలకు పూసే విషం ఆ జాతి మొక్కల నుంచే తీసేవారు.