పిల్లల స్థూలకాయము - తల్లులకు వేయు మార్కులు

పిల్లల స్థూలకాయమునకు కారణములేవో తల్లులకు ఎంతవరకు తెలియునని ప్రశ్నావళి తయారుచేసి, "అవును", "కాదు" అను జవాబులకు మార్కులు వేయుట నర్సింగు, గృహవిజ్ఞాన పరిశోధనలలో పరిపాటి. మార్కులు తగ్గిన తల్లులకు "అవగాహన చాలదు" అని తేల్చి, ఒక కరపత్రమును సిఫారసు చేయుదురు. వైద్యకళాశాల, మహిళా విశ్వవిద్యాలయము రెండును గల తిరుపతి వంటి పట్టణమున ఈ పద్ధతిని తరచి చూడవలసియున్నది.

మొదటి చిక్కు మాటలోనే ఉన్నది. ప్రశ్నలో ఉండునది "స్థూలకాయము". చిత్తూరు సీమ ఇండ్లలో బిడ్డను ఆ మాటతో ఎవరును అనరు. "బొద్దుగా ఉండాడు", "ఒళ్లు చేసినాడు" అందురు. అదియు మెప్పే, గట్టిగా అనిన దిష్టి తగులునని జంకు కూడ. నూనెలో వేచినవి ఎక్కువ తినిన లావగుదురా అని అడిగినచో ఏ తల్లియైనను అవుననును. తన బిడ్డ అట్లున్నాడా అని అడిగినప్పుడే అసలు పరీక్ష. అనేక దేశముల అధ్యయనములను కలిపి 2014లో ప్రకటించిన విశ్లేషణలో, అధికబరువు గల పిల్లల తల్లిదండ్రులలో ఇంచుమించు సగముమంది ఆ బరువును తక్కువగా అంచనా వేసినట్లు తేలినది. కనుక ఇది మన తల్లుల మౌఢ్యమని అనుటకు వీలులేదు.

ఈ చూపు వారికి ఎట్లు అలవడినది? వానలు నమ్మరాని రాయలసీమలో బక్కచిక్కిన బిడ్డయే ఇంటికి భయము. ఆ భయము నేటికిని ఆధారము లేనిది కాదు. 2016-18 నాటి జాతీయ పోషణ సర్వేలో 5-9 ఏండ్ల పిల్లలలో నూటికి 4గురు అధికబరువు గలవారు కాగా, 23 మంది ఉండవలసిన దానికంటె సన్ననివారు. అంగన్‌వాడీలో బిడ్డను తూచి గుర్తుపెట్టిన కార్డునే చూడుడు. వయస్సునకు తగిన బరువును చూపు ఆ పటములో పసుపు, నారింజ రంగుల హెచ్చరికలన్నియు క్రింది వైపుననే. గీత పైకి పోయినకొలది మేలని ఆ కార్డే తల్లికి నేర్పినది. నేర్పినవారే తరువాత వచ్చి, ఆమెకు తెలియదని మార్కులు తగ్గించుట న్యాయముగా లేదు.

ప్రశ్నలు తల్లికే పరిమితమగుట మరియొక లోపము. చిల్లర చేతిలో పెట్టు తాతను, బడి ఎదుటి అంగడిని, ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చివేయు బడిని ఎవరును అడుగరు. ఇంటిలోని చక్కెరను గూర్చి మాత్రము తల్లిని అడుగవలసినదే. దినమునకు మూడుమార్లు పాలలో రెండేసి చెంచాల చక్కెర కలిపినచో 30 గ్రాములు, అనగా 120 కెలోరీలు. 1500 కెలోరీలు చాలు బిడ్డకు ఇట్టి చక్కెర నుండి 150 మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. బిస్కత్తులు, పానీయములు దీనికి అదనము. అయినను ఇది ఇంటిలో "పాలు" క్రిందనే చెల్లును, "తీపి" క్రింద కాదు. "తీపి పదార్థములు ఎక్కువ పెట్టుదురా?" అను ప్రశ్నకు ఆ తల్లి "లేదు" అనుట అబద్ధము కానేరదు.

త్రాసు, టేపు ఉన్న బడిలో ఇంతకంటె మంచి పరీక్ష సాధ్యము. ఏడేండ్ల బాలురు ఇద్దరు, ఒక్కొక్కరి బరువు 24 కిలోలు. ఒకని ఎత్తు 126 సెంటీమీటర్లు, రెండవవానిది 115. బరువును మీటర్లలోని ఎత్తు వర్గముతో భాగించిన మొదటివానికి 15.1, రెండవవానికి 18.1 వచ్చును. ఆ వయస్సు బాలురకు ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలో అధికబరువు 17 దాటినచో మొదలగును. త్రాసు ఒక్కటే చూచిన ఇద్దరును సమానులే. ఈ అంకెలను తరగతిలో పైకి చదువరాదు. తల్లికి మాత్రమే చూపి, ఆ పిమ్మట ఆమెను ప్రశ్న అడుగవలెను.